అద్దం ముక్కతో కోట: జర్మన్ మూకీల మేకింగ్ చూసి మన కళ్లంలో చేసే పద్ధతి

కోనసీమలోనూ, ఏరు దాటి పాలకొల్లు, నరసాపురం వైపూ ఇప్పుడు ఫోనుతో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు ఊరూరా ఉన్నారు. కథలు బాగుంటాయి, మాటలు ఇంకా బాగుంటాయి. కానీ కథలో ఒక కోట గుమ్మమో, మునిగిపోతున్న ఊరో, మనమెవరం చూడని నగరమో వచ్చేసరికి "గ్రాఫిక్స్‌కి అంత డబ్బు ఎక్కడిది" అని ఆ సీను కొట్టేస్తారు. కొట్టేయక్కర్లేదు. నూరేళ్ల కిందట బెర్లిన్ చుట్టుపక్కల స్టూడియోల్లో పనిచేసినవాళ్లకి కంప్యూటర్ లేదు, కెమెరాను చేత్తో తిప్పేవారు, రెండు చుట్లు తిప్పితే ఒక సెకను బొమ్మ. జరగాల్సిన మాయంతా లెన్సు ముందే, కెమెరా తిరుగుతుండగానే జరిగిపోవాలి. వాళ్లు ఆ పని చేస్తుండగా పక్కనుంచి ఎవరో తీసిన ఫోటోలు, చిన్న చిన్న ఫిల్ము ముక్కలు కొన్ని మిగిలాయి. నాకు ఆ సినిమాలంటే ఎంత ఇష్టమో ఆ ముక్కలంటే అంతకంటే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే వాటిలో పనివాళ్ల చేతులు కనబడతాయి. చేతులు కనబడితే మనమూ నేర్చుకోవచ్చు.

ఈ గైడ్‌లో నేను చెప్పేది మూడు పనులు: ముందు మేకింగ్ చూడండి, చూసినదాన్ని మన ఊళ్లో దొరికే సామాన్లతో చేయండి, చేస్తున్నప్పుడు రెండో ఫోనుతో దాన్ని కూడా తీసి పెట్టండి. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు, దాని గురించి చివర్లో గట్టిగానే చెబుతాను.

ఏం చూడాలి, ఎలా చూడాలి

మొదట 'కిఫో' వెతికి చూడండి. 1925లో బెర్లిన్‌లో సినిమా, ఫోటోగ్రఫీల ఎగ్జిబిషన్ ఒకటి జరిగింది. దానికి జనాన్ని రప్పించడానికి గీడో జేబర్, యూలియస్ పిన్షెవర్ కలిసి చేసిన ప్రకటన చిత్రం అది. కొన్ని నిమిషాలే ఉంటుంది గానీ కెమెరాలు, స్టూడియో, ల్యాబు, తిరిగే చక్రాలు అన్నీ ఒకదాని మీద ఒకటి దూసుకొస్తాయి. జేబర్ మామూలు కెమెరామన్ కాదు. బెర్లిన్ పక్కన బాబెల్స్‌బెర్గ్‌లో స్టూడియోకి స్థలం చూసి, గాజు గోడలు, గాజు కప్పుతో షెడ్డు వేయించింది ఆయనే. అందులో మొదటి షూటింగ్ 1912 ఫిబ్రవరిలో జరిగింది, హీరోయిన్ ఆస్టా నీల్సెన్. గాజు ఎందుకంటే అప్పటి ఫిల్ముకి చాలా వెలుగు కావాలి, సూర్యుడి కంటే చవకైన లైటు లేదు. 1924లో ఫ్రీడ్రిష్ పోర్గెస్ తీసిన 'డెర్ ఫిల్మ్ ఇమ్ ఫిల్మ్' కూడా సినిమా తయారీ గురించి తీసిన సినిమానే.

తర్వాత 'మెట్రోపొలిస్' షూటింగ్ ఫోటోలు. రాబోయే కాలపు మహానగరం, అందులో ఒక ఆడ రోబో, ఇదీ దాని కథ. దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ ఆ సినిమాని 1925 మే నుంచి 1926 అక్టోబరు దాకా తీశాడు. సెట్‌లో స్టిల్స్ తీసినాయన హోర్స్ట్ ఫోన్ హార్బూ, కథ రాసిన తెయా ఫోన్ హార్బూకి అన్న. ఆ ఫోటోల్లో ఆకాశాన్నంటే మేడల మోడళ్ల మధ్య మనుషులు నిలబడి బొమ్మ కార్లు జరుపుతూ కనిపిస్తారు. ఒక్కో ఫ్రేముకి ప్రతి కారునీ కొన్ని మిల్లీమీటర్లు జరపడం, ఒక ఫ్రేము తీయడం, మళ్లీ జరపడం. తెర మీద కొన్ని సెకన్లు కనబడే ట్రాఫిక్ కోసం రోజుల తరబడి ఇదే పని.

ఇలాంటి ఫోటో గానీ వీడియో గానీ చూస్తున్నప్పుడు ఆపి మూడు సంగతులు వెతకండి. కెమెరా ఎక్కడుంది? వెలుగు ఎటు నుంచి వస్తోంది? సెట్టు ఎక్కడ ఆగిపోయింది? మూడోది అన్నిటికంటే ముఖ్యం. లెన్సు ఎంతవరకు చూస్తుందో అంతవరకే గోడ ఉంటుంది, దాని పక్కన కట్టెలు, తాళ్లు, ఇసుక మూటలు. మనవాళ్లు సెట్టు అనగానే నాలుగు గోడలూ కట్టాలనుకుని భయపడతారు. వాళ్లు లెన్సుకి కనిపించే గోడ మాత్రమే కట్టారు.

1924లో ఒక సినిమా పని మీద బాబెల్స్‌బెర్గ్ వచ్చిన కుర్ర హిచ్‌కాక్ (తర్వాత సస్పెన్స్ సినిమాలకి పెద్ద పేరైన దర్శకుడు) పక్క సెట్‌లో జర్మన్ దర్శకుడు ముర్నౌ పనిచేయడం చూశాడు. సెట్ మీద నీ కంటికి ఏం కనబడుతోందన్నది లెక్కలోకి రాదు, తెర మీద ఏం కనబడుతుందన్నదే లెక్క అన్న పాఠం అక్కడే పట్టుకున్నానని తర్వాత చాలాసార్లు చెప్పాడు.

తేలికైన వాటితో మొదలు

మొదటి షూట్‌కి నీడలు గీసిన తెర చాలు. 'కాలిగారి' (1920) అనే భయపెట్టే సినిమా తీసింది బెర్లిన్ శివార్లలో వైసెన్‌సే అనే చోట ఒక చిన్న స్టూడియోలో. హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమన్, వాల్టర్ రోరిగ్ అనే ముగ్గురు కాన్వాసు మీద వీధులూ కిటికీలూ మాత్రమే కాదు, వెలుగూ నీడా కూడా రంగులతో గీసేశారు. మీరు షామియానాలు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర పాతబడిన గుడ్డ అడగండి, వెదురు బొంగులకి బిగించి కట్టండి, సున్నం వేసి ఆరాక నల్ల రంగుతో గీయండి. ఒకటే షరతు: గుడ్డ మీద నీడ ఎడమకి గీస్తే అసలు ఎండ వల్ల పడే నీడ దానికి ఎదురు పోకూడదు. అందుకని నీడపట్టున, లేదా మబ్బుపట్టిన రోజున తీయండి. నటించేవాళ్లు కూడా మామూలుగా నడిస్తే తెర అతికించినట్టు కనబడుతుంది, ఆ వంకర గీతలకి తగ్గట్టు ఒళ్లు వంచాలి. ఆ సినిమాలో నటుడు కాన్రాడ్ వైట్ గోడ వెంబడి జారుకుంటూ పోయే నడక ఒక్కసారి చూస్తే నేను చెప్పేది అర్థమవుతుంది.

రెండోది దూరాన్ని అబద్ధం ఆడించడం. ముర్నౌ 'ది లాస్ట్ లాఫ్' (1924) కోసం కట్టిన వీధిలో వెనక్కి పోయేకొద్దీ మేడలు చిన్నవైపోతాయి, దూరాన తిరిగేవి బొమ్మ కార్లు. దీనికి మన కాలువ గట్టు కంటే మంచి స్టూడియో దొరకదు. రెండు వరసల కొబ్బరి చెట్లు వాటంతటవే ఒక చుక్కలోకి కలిసిపోతుంటాయి. ముందర పెద్దవాళ్లని, బాగా వెనక పదేళ్ల పిల్లలకి పంచె కట్టి, నెత్తిన తలపాగా పెట్టి చిన్న సైకిలు ఇచ్చి నడిపించండి, గట్టు రెట్టింపు పొడవు కనబడుతుంది. ఫోను బాగా కిందకి పెట్టండి, పిల్లల పాదాలు గడ్డిలోనో, మలుపులోనో దాగేలా చూడండి, పాదాలు కనబడితే గుట్టు బయటపడుతుంది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో అయితే కాలువ అడుగునే నిలబడి తీయొచ్చు, రెండు గట్లూ రెండు గోడల్లా లేస్తాయి. నీళ్లు వదిలే తేదీ మాత్రం లాకుల దగ్గర కనుక్కుని దిగండి.

ఒకే మనిషి రెండుసార్లు కనబడే ట్రిక్కు మీకు తెలిసే ఉంటుంది. జేబరే 1913లో 'ప్రాగ్ విద్యార్థి' కోసం సగం లెన్సు మూసి ఒకసారి, ఫిల్ము వెనక్కి తిప్పి రెండో సగం తెరిచి ఇంకోసారి తీసి, నటుడు పాల్ వేగెనర్‌ని పాల్ వేగెనర్ ఎదుటే నిలబెట్టాడు. ఫోనులో రెండు క్లిప్పులు తీసి ఎడిటింగ్ యాప్‌లో మాస్క్ పెడితే అయిపోతుంది, కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టను. స్టాండు కదలకూడదు, మధ్య గీత మీద ఎవరి చెయ్యీ పడకూడదు, అంతే.

అసలు విద్య: గీకిన అద్దం

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనదానికి వద్దాం. ఒయ్‌గెన్ షుఫ్టాన్ అనే ఆయన పేరు మీద దీన్ని షుఫ్టాన్ పద్ధతి అంటారు. 'మెట్రోపొలిస్'లో పెద్ద పెద్ద కట్టడాల ముందు చిన్న మనుషులు కదిలే కొన్ని షాట్లు దీంతో తీసినవే. షుఫ్టాన్‌కి ఆ తర్వాత చాలా ఏళ్లకి, 1962లో కెమెరామన్‌గా ఆస్కార్ కూడా వచ్చింది.

సూత్రం చిన్నదే. కెమెరా ముందు ఒక అద్దం 45 డిగ్రీల వాలులో నిలబెడతారు. పక్కన పెట్టిన చిన్న మోడల్ ఆ అద్దంలో కనబడుతుంది. అద్దం వెనక పూతని ఒకచోట గీకేస్తే అక్కడ మామూలు గాజే మిగులుతుంది, ఆ గాజులోంచి దూరంగా నిలబడిన నటులు కనబడతారు. మోడలూ మనిషీ ఒకే ఫ్రేములో, ఒకేసారి, అక్కడికక్కడే కలిసిపోతారు. తర్వాత చేయాల్సింది ఏమీ లేదు.

చోటు: రైస్ మిల్లు దగ్గర ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం. చదునుగా, విశాలంగా, చెట్ల నీడలు లేకుండా ఉంటుంది. సార్వా మాసూళ్లకీ దాళ్వా మాసూళ్లకీ మధ్య నెలల్లో ఖాళీగా ఉంటుంది, మిల్లు గుమస్తాగారిని ముందురోజే మర్యాదగా అడిగితే కాదనరు.

అద్దం: ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపులో అడుగున్నర వెడల్పు అద్దం ఒకటి, అదే కొలతలో మామూలు గాజు ఒకటి కోయించుకోండి. అద్దం ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. ఇంట్లో వాడే అద్దాలకి పూత వెనకవైపు ఉంటుంది, కాబట్టి ముందు గాజు మీద కూడా మసక బొమ్మ ఒకటి ఏర్పడుతుంది, మందం పెరిగేకొద్దీ ఆ రెండు బొమ్మలూ ఎడమై మోడల్‌కి దెయ్యం నీడలా ఇంకో అంచు కనబడుతుంది. అంచులు అరగదీయించుకోవడం మర్చిపోకండి. "కొత్త అద్దాన్ని గీకేయడం ఏంటండీ బాబూ" అని షాపాయన అంటాడు, సినిమా తీశాక ఆయనకీ ఓసారి చూపించండి.

కొలతలు: ఇక్కడ లెక్క తప్పితే ఏదీ కలవదు, కాబట్టి నెమ్మదిగా చదవండి. ఫోనులో రెండింతల జూమ్ పెట్టండి, అద్దాన్ని లెన్సుకి జానెడు దూరంలో నిలబెట్టండి. నటులు ఫోనుకి 70 అడుగుల దూరంలో, మోడల్ 7 అడుగుల దూరంలో ఉన్నారనుకుందాం (మోడల్ దూరం అంటే లెన్సు నుంచి అద్దానికి, అద్దం నుంచి మోడల్‌కి, రెండూ కలిపి). 70కి 7 అంటే పదో వంతు. అందుకని 20 అడుగుల కోట గుమ్మం కావాలంటే 2 అడుగుల మోడల్ చాలు. ఫోను ఎత్తుకి కూడా ఇదే లెక్క. ఫోను నేలకి 5 అడుగుల ఎత్తులో ఉంటే, మోడల్ పెట్టిన బల్ల పైభాగం లెన్సు కంటే అర అడుగు మాత్రమే కిందకి ఉండాలి. ఈ ఒక్కటి కుదిరితే మోడల్ నేలా, కళ్లం నేలా ఒకే నేలైపోతాయి. కుదరకపోతే మీరు మోడల్ ఎంత అందంగా చేసినా అది గాల్లో తేలుతున్నట్టే ఉంటుంది.

వెలుగు: మోడల్ మీద ఎండా, నటుల మీద ఎండా ఒకే వైపు నుంచి పడుతున్నట్టు కనబడాలి. అద్దంలో కుడి ఎడమలు తిరగబడతాయి కదా అని బుర్ర పాడుచేసుకోవద్దు, దీనికి తేలికైన గుర్తు ఉంది. నిటారుగా నిలబెట్టిన అద్దం నీడ నేల మీద సన్నని గీతలా పడేలా మొత్తం ఏర్పాటుని తిప్పుకోండి. మోడల్ మీ కుడిపక్కన ఉంటే అప్పుడు సూర్యుడు మీ ఎడమ భుజం వెనక ఉంటాడు. ఆ స్థితిలో అసలు నీడలూ, అద్దంలోని నీడలూ ఒకే దిక్కుకి పడతాయి, పైగా ఎండ అద్దం మీద మెరిసి కళ్లలో కొట్టదు. ఉదయం తొమ్మిది ప్రాంతంలో గానీ సాయంత్రం నాలుగు ప్రాంతంలో గానీ చేయండి. సూర్యుడు ఆగడు, నీడ గీత లావెక్కుతుంటే తీయడం ఆపి మళ్లీ తిప్పుకోవాల్సిందే. ముసురు పట్టిన రోజైతే ఈ తంటా ఏదీ లేదు, వెలుగు అన్నివైపులా సమంగా ఉంటుంది, మొదటిసారి చేసేవాళ్లకి ఆషాఢం మబ్బులే మంచివి.

గీకడం: ముందు అద్దం పెట్టాల్సిన చోట మామూలు గాజు పెట్టండి. నటులని వాళ్ల జాగాలో నిలబెట్టి, ఒకరు ఫోను స్క్రీన్ చూస్తూ చెబుతుంటే ఇంకొకరు గాజు మీద మార్కరుతో వాళ్లు కదిలే మేర చుట్టూ గీత గీయాలి. గీసిన గాజుని తిరగేసి అద్దం వెనకవైపు పరిచి ఆ గీతని అక్కడికి ఎక్కించండి. తిరగేయకుండా పెడితే కుడిది ఎడమకి వస్తుంది, జాగ్రత్త. ఇప్పుడు హార్డ్‌వేర్ షాపులో దొరికే పెయింట్ రిమూవర్ ఆ మేర రాసి, రంగు ఉబ్బాక కొత్త బ్లేడుని పడుకోబెట్టి గీకండి, మిగిలిన వెండి పూత దూదితో తుడిస్తే వస్తుంది. చేతికి గ్లౌజులు, ముక్కుకి మాస్కు, ఆరుబయట చోటు తప్పనిసరి. యాసిడ్ జోలికి వెళ్లొద్దు. గీకిన అంచు కొంచెం గరుకుగా ఉన్నా కంగారు పడకండి, అద్దం లెన్సుకి అంత దగ్గరలో ఉంది కాబట్టి అంచు మసకబారి దానంతటదే కలిసిపోతుంది. ఆ అంచు గోడ పైభాగం వెంటో, గుమ్మం నీడ వెంటో పోయేలా ముందే అనుకుంటే ఇంకా మంచిది.

గీకడానికి ధైర్యం చాలకపోతే ఇంకో దారుంది. ఫ్రేములో పై సగం మాత్రమే కప్పేలా అద్దం పెట్టండి, కింది సగం ఖాళీ. కింద మనుషులు, పైన కోట బురుజులు. ఇంతే చాలా సీన్లకి సరిపోతుంది.

మోడల్: థర్మాకోల్, అట్ట, ఒండ్రు మట్టి. గడ్డికి కొబ్బరి పీచు దువ్వి అంటించండి. గోదావరి ఇసుక చల్లేటప్పుడు జల్లెడ పట్టాలి, పదో వంతు లోకంలో ఒక్క గులకరాయి కూడా బండలా కనబడుతుంది. అక్షరాలు ఏవైనా ఉంటే తిరగేసి రాయండి. సాయంత్రం గాలి లేస్తే థర్మాకోల్ ఎగిరిపోతుంది, లోపల ఇటుకలు పెట్టి బరువెయ్యండి.

తీయడం: ఫోకస్ మోడల్‌కి కొంచెం అవతల పెట్టి లాక్ చేయండి, ఫోను లెన్సు చిన్నది కాబట్టి దగ్గరదీ దూరందీ రెండూ దాదాపు స్పష్టంగానే వస్తాయి. ఈ విషయంలో మనం ఆనాటి వాళ్లకంటే అదృష్టవంతులం, వాళ్లకి పెద్ద లెన్సులతో ఇది పెద్ద టెన్షన్. ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్స్ కూడా లాక్ చేయాలి. నటుల హద్దులు కళ్లం మీద ముగ్గుపిండితో గీయండి, గీత దాటితే వాళ్ల తల మోడల్ వెనక్కి మాయమవుతుంది. కావాలంటే దాన్నే వాడుకోండి: నటుడు గీత దాటి నడిస్తే, అసలు లేనే లేని గుమ్మంలోకి వెళ్లిపోయినట్టు తెర మీద కనబడుతుంది. ఈ ఒక్క షాట్ మీ చేత్తో చేసి చూస్తే ఆ పాతవాళ్ల మీద ఎంత గౌరవం పుడుతుందో మాటల్లో చెప్పలేను.

గాజు బల్ల మీద తోలుబొమ్మ

లొట్టె రైనిగర్ పేరు మన దగ్గర ఇంకా చాలామందికి తెలియాలి. పోట్స్‌డామ్‌లో లూయిస్ హాగెన్ అనే బ్యాంకరు గ్యారేజీ పైన ఆమెకి చోటిచ్చాడు, 1923 నుంచి 1926 దాకా అక్కడే కూర్చుని నల్ల అట్ట, పల్చని సీసపు రేకు కత్తిరించి కీళ్లు బిగించిన బొమ్మలతో 'యువరాజు అహ్మద్' అనే పూర్తి నిడివి సినిమా చేసింది. కింద దీపం, మధ్యలో గాజు పలక, పైన కెమెరా. ఆమె భర్త కార్ల్ కోఖ్ కెమెరా చూసుకునేవాడు, వాల్టర్ రుట్‌మన్, బెర్టోల్డ్ బార్టోష్ లాంటివాళ్లు ఎఫెక్టుల్లో చెయ్యివేశారు. ఆ పని చేసే తీరు 1970లో జాన్ ఐజాక్స్ తీసిన డాక్యుమెంటరీలో చూడొచ్చు, కత్తెర నిలకడగా ఉంచి అట్టనే తిప్పుతుంటుంది ఆమె. ఆ చేతులు చూడటానికైనా వెతకండి.

కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట కళాకారుల కుటుంబాలున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. వాళ్ల బొమ్మ రంగుల్లో, నిలువు తెర మీద, అప్పటికప్పుడు పాటతో ఆడుతుంది; రైనిగర్ బొమ్మ నల్లగా, పడుకోబెట్టిన గాజు మీద, ఒక్కో ఫ్రేముకీ ఒక్కో కదలికగా ఆడుతుంది. కీలు ఎక్కడ పెట్టాలో, ఏ కీలు వదులుగా ఏది బిగువుగా ఉండాలో అన్న తెలివి మాత్రం రెండు చోట్లా ఒక్కటే. వీలైతే మాధవపట్నం వెళ్లి పెద్దవాళ్ల పక్కన కూర్చుని బొమ్మ మోకాలు ఎలా కడుతున్నారో చూడండి, వాళ్ల సమయానికి తగిన డబ్బు ఇవ్వండి.

మీరు చేసేటప్పుడు సీసం వద్దు, అది విషం. నల్ల చార్టు మీద పల్చని అల్యూమినియం రేకు అంటిస్తే బరువు సరిపోతుంది. కీళ్లకి మోటారు వైండింగ్ షాపులో పారేసే సన్న రాగి తీగ బాగా పనిచేస్తుంది. రెండు బల్లల మధ్య కిటికీ గాజు పెట్టి, పైన ట్రేసింగ్ పేపరు పరిచి, కింద ఎల్ఈడీ బల్బు పెట్టండి. ఫోనుని పైనుంచి నేరుగా కిందకి చూసేలా బిగించి స్టాప్ మోషన్ యాప్‌లో సెకనుకి 12 ఫ్రేములు పెట్టుకోండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వెలుగు మారుతుంది, అందుకని మొదటినుంచీ బ్యాటరీ లైటుతోనే చేయడం మేలు. ఫ్యాను ఆపేయాలి. వేసవి ఉక్కలో ఇది కష్టమే, రాత్రి పనిగా పెట్టుకోండి.

ఆ కాలపు చూపు

చాలామంది పాత సినిమా లుక్ అనగానే గీతలు, దుమ్ము, గబగబా నడిచే మనుషులు పెట్టేస్తారు. వాళ్లు అలా తీయలేదండీ. చేత్తో తిప్పి సెకనుకి 16, 18, 20 ఫ్రేముల వేగంతో తీసినదాన్ని తర్వాతివాళ్లు 24తో ఆడించడం వల్ల వచ్చిన పరుగు అది. మీరు 18 ఫ్రేముల్లో తీసి 18లోనే ఆడించండి, గీతలు వేయకండి.

నలుపు తెలుపు మాత్రం ఒక పద్ధతిలో చేయాలి. అప్పటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనబడదు. ఎర్ర చీర నల్లగా, నీలాకాశం తెల్లగా వస్తాయి. ఎడిటింగ్‌లో రంగుల చానెళ్లు ఉంటే ఎరుపుని దాదాపు సున్నాకి తెచ్చి, నీలం ఎక్కువ, పచ్చ కొంచెం ఉంచండి. ఒంటి రంగు ముదురుగా, పెదాలు నల్లగా వస్తాయి, ఆనాటి నటులు ముఖానికి అంత రంగు పూసుకోవడానికి అదో కారణం. రాత్రి సీనుకి రాత్రి తీయక్కర్లేదు, ముర్నౌ తీసిన రక్తపిశాచి సినిమా 'నోస్ఫెరాటు' (1922)లో రాత్రులు చాలావరకు పగలు తీసి నీలం రంగు అద్దినవే.

కెమెరా కదలాలంటే సైకిలుంది. 'ది లాస్ట్ లాఫ్' మొదట్లో కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్ కెమెరా లిఫ్టులో దిగి సైకిలు మీద హోటల్ హాల్లోంచి సాగిపోతుంది, తాగిన మనిషి సీనుకి కెమెరాని ఒంటికి కట్టుకుని ఊగాడు. కొత్తగా వేసిన సీసీ రోడ్డు మీద సైకిలు, కాలువలో నాటు పడవ, రెండూ మనకున్నాయి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ ఉండాలి, వరదల రోజుల్లో ఏటి మీదకి అసలు వెళ్లొద్దు.

ఇంకో మాట. 'మెట్రోపొలిస్' వరద సీన్ల కోసం బెర్లిన్ పేద ఇళ్ల పిల్లలని చల్లటి నీళ్లలో నిలబెట్టారు. ఇరవై ఏళ్లు కూడా లేని హీరోయిన్ బ్రిగిట్టె హెల్మ్ బిరుసైన రోబో కవచంలో ఒళ్లు ఒరుసుకుపోతుండగా నటించింది. మేకింగ్ కథల్లో ఇవి గొప్పగా చెప్పుకుంటారు. వాళ్ల దగ్గర అద్దం పని నేర్చుకోండి, ఇది నేర్చుకోవద్దు. పిల్లలతో తీస్తుంటే ఎండెక్కకముందే ఇంటికి పంపేయండి.

రెండో ఫోను

ఇప్పుడు మేకింగ్ సంగతి. 'మెట్రోపొలిస్'ని 1927 జనవరి 10న బెర్లిన్‌లో మొదటిసారి చూపించారు, ఆ తర్వాత కోసి కుదించేశారు. 2008లో బ్యూనస్ ఐరిస్ మ్యూజియంలో పొడవాటి కాపీ ఒకటి బయటపడి, 2010లో దాదాపు పూర్తి సినిమా మళ్లీ చూపించేదాకా చాలా సీన్ల ముఖం మనకి తెలిసింది హోర్స్ట్ ఫోన్ హార్బూ తీసి ఉంచిన స్టిల్స్ వల్లే. 'నోస్ఫెరాటు' కాపీలని తగలబెట్టమని కోర్టే చెప్పింది. మన సంగతి ఇంకా బాధ, 1921లో రఘుపతి ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' పోయింది. ఫ్రాంజ్ ఓస్టెన్‌తో కలిసి 'లైట్ ఆఫ్ ఏషియా' (1925) కోసం మ్యూనిక్ నుంచి మన దేశం వచ్చిన కెమెరామన్ యోసెఫ్ విర్షింగ్ మాత్రం తర్వాత బాంబే టాకీస్‌లో పనిచేస్తూ సెట్ల మీద ఫోటోలు తీశాడు, వాటిని ఆయన కుటుంబం దాచింది కాబట్టి ఆనాటి షూటింగ్ ఎలా ఉండేదో ఈరోజు మనం చూడగలుగుతున్నాం.

అందుకని షూటింగ్ రోజున ఒకరికి వేరే పనేదీ చెప్పకుండా రెండో ఫోను ఇచ్చి కూర్చోబెట్టండి. వాళ్లు సెల్ఫీలు కాదు తీయాల్సింది. కెమెరా, అద్దం, మోడల్, నటులు, ఈ నాలుగూ ఒకే ఫ్రేములో వచ్చేలా దూరంగా ఎత్తు మీద నుంచి ఒక షాట్, అద్దం గీకుతున్న చేతుల క్లోజప్, కొలతలు రాసుకున్న కాగితం ఫోటో, కుదరని టేకులు కూడా. సున్నం కొట్టిన అబ్బాయిని, అద్దం ఇచ్చిన షాపాయన్ని, బల్ల మోసిన మావయ్యని కూడా తీయండి, పేరు అడిగి వీడియోలోనే చెప్పించండి, బయట పెట్టడానికి ఒప్పుకున్నారో లేదో కూడా అక్కడే అడగండి. పక్కన మాటలు వినబడేలా మైకు ఆన్‌లోనే ఉంచండి.

ఆ రాత్రే ఫైళ్లన్నీ కాపీ చేయండి, పేరులో తేదీ, ఊరు, సీను నంబరు ఉండాలి. ఒక కాపీ హార్డ్‌డిస్కులో, ఇంకోటి ఆన్‌లైన్‌లో. హార్డ్‌డిస్కుని మన తేమకి బట్టల బీరువాలో వదిలేయకుండా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి, ఏడాదికోసారి తీసి పనిచేస్తోందో లేదో చూడండి. వాట్సాప్‌లో పంపుకున్న వీడియోని కాపీ కింద లెక్కేయకండి, అది కుదించేస్తుంది.